ముడి విప్పినవారు ఒప్పుకున్నట్టే

మియాగావ్
జూన్ మొదటి ఆదివారం

నా చిట్టితల్లి ఇందాయ్ హనీలిన్‌కి,

నువ్వు అడగకముందే చెబుతున్నాను. మోకాలు బాగానే ఉంది. వానలు మొదలయ్యాయి. మీ నాన్న మొన్న వచ్చి చెల్లెలి పెరడు కదా అని నా బొప్పాయిలన్నీ కోసుకుపోయాడు. ఇక అసలు సంగతికి వస్తాను.

మా నేత సంఘం మీ కంపెనీ యాప్‌లో దుకాణం తెరవాలనుకుంటోంది. సంఘానికి అధ్యక్షురాలిని కాబట్టి ‘ఒప్పుకుంటున్నాను’ అనే నీలం బొత్తం నేనే నొక్కాలట. మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి ఫోను నా ముక్కు కింద పెట్టింది. నీకే కాదు, ఊళ్ళో పిల్లలందరికీ నేను తియానే, అత్తనే కదా.

“ఇక్కడ నొక్కండి తియా, అయిపోతుంది.”

“దేనికి ఒప్పుకుంటున్నానే?”

“అన్నిటికీ.”

“అన్నిటికీ ఒప్పుకోమని మా ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు తల్లీ,” అన్నాను.

నా సంగతి నీకు తెలుసు. చదవకుండా ఏ బొత్తమూ నొక్కను కాబట్టే నా ఫోనులో మెసేజీల యాప్ లేదు, అందుకే నువ్వు ఈ కాలంలో కూడా పోస్టాఫీసు వరసలో నిలబడుతున్నావు. ఆ అమ్మాయిని మొత్తం అచ్చు తీయించుకు రమ్మన్నాను. జిరాక్సు కొట్టువాడు నవలేమో అనుకున్నాడట.

మగ్గాల షెడ్డులో అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళు రేడియో నాటకాల్లో ఆడ విలన్‌గా బతికినదాన్ని, ఊరికే ఎలా చదువుతాను? కంపెనీ మాట్లాడే చోట ఇల్లు ఖాళీ చేయించే యజమానురాలి గొంతు పెట్టాను. వాడుకరి వచ్చిన చోట తల్లిలేని పిల్ల గొంతు పెట్టాను. రెండో నిబంధనకే మగ్గాలు ఆగిపోయాయి. మూడోదానికి పక్క మగ్గం లుసెనా ముక్కు చీదింది.

మా అందరికీ అక్కలాంటి మనాంగ్ బినింగ్ మాత్రం చేతిలో నాడె ఆపలేదు. “నా పెళ్ళప్పుడు కూడా ఇన్ని కాగితాలు చదవలేదే పురింగ్!” అంది.

“అందుకే కదా మనాంగ్, తర్వాత అన్నేళ్ళు అవస్థ పడ్డావు.”

షెడ్డంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది, కానీ పళ్ళతోనే.

ఇప్పుడు నా అనుమానాలు తీర్చు. ‘ఈ నిబంధనలను మేము ఎప్పుడైనా మార్చవచ్చు, మీరు వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే’ అని ఉంది. ఊపిరి పీల్చడం మానకపోతే ఒప్పుకున్నట్టేనా? ‘సేవ ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడుతుంది’ అంటే? సెకండ్‌హ్యాండ్ మోటార్‌సైకిల్ అమ్మేవాడి మాటలా ఉంది నాకు. ఇక తొమ్మిదో దాంట్లో మనం పెట్టిన బొమ్మలూ డిజైన్లూ వాళ్ళు ‘విశ్వమంతటా’ వాడుకోవచ్చట. చంద్రుడి మీద మన హాబ్లోన్ నేత బట్ట ఎవరు చుట్టుకుంటారే?

మీ తియా,
పురింగ్


పసిగ్
జూన్ చివర

ప్రియమైన తియా,

నీ ఉత్తరం ఆఫీసులో భోజనాల వేళ చదువుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్క బల్లవాళ్ళు నాకు పెళ్ళి కుదిరిందనుకున్నారు.

నీకో నిజం చెబుతాను. ఆ నిబంధనలను మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్ళు ఈ భవనంలోనే బహు తక్కువ. నేను చదివాను, నా జీతం అందుకే. మా పెద్ద లాయరు అటార్నీ తెవెస్ చదివారు. ఒక కొత్త కుర్రాడు చేరిన రోజే, చదవాలేమో అనుకుని చదివాడు పాపం. ఇప్పుడు నువ్వు తోడయ్యావు, అదీ గొంతులు మార్చి మరీ.

నీ అనుమానాలు. ‘ఎప్పుడైనా మార్చవచ్చు’ అంటే నిజంగానే ఎప్పుడైనా. మార్చినప్పుడల్లా కోట్లమంది ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టలేరు కాబట్టి, యాప్ తెరవడాన్నే తలూపడం కింద లెక్కేస్తారు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అంటే నీ మోటార్‌సైకిలువాడే, పోలిక సరిగ్గా కుదిరింది. యాప్ మధ్యలో ఆగిపోతే మమ్మల్ని తిట్టుకో, కోర్టుకు మాత్రం వెళ్ళకు అని. ఆ పైన ఇంకోటి ఉంటుంది చూడు, తగువు వస్తే పసిగ్ కోర్టులోనే తేల్చుకోవాలని. అది ఎందుకంటే మా అటార్నీకి విమానమంటే భయం. (ఇది హాస్యం. ఎవరికీ చెప్పకు.)

‘విశ్వమంతటా’ అనేది లాయర్ల పిరికితనం. ‘దేశమంతటా’ అని రాస్తే సముద్రం దాటి ఎవరో మెలిక పెడతారు. ‘ప్రపంచమంతటా’ అంటే ఉపగ్రహం సంగతేమిటని ఇంకొకడు అడుగుతాడు. అందుకని ఎందుకైనా మంచిదని నక్షత్రాల దాకా రాసేస్తారు.

ఇవన్నీ ఎందుకు రాస్తారంటే తియా, అందరూ చెడ్డవాళ్ళై కాదు. ఒకసారి ఎవరో అమ్మిన చేపల పచ్చడి పగిలి కొన్నావిడ తివాచీ పాడైంది. ఆవిడ మా మీద దావా వేసింది. ఆ తర్వాత పచ్చడి గురించి ఒక పేరా చేరింది. ప్రతి పేరా వెనకాలా ఇలాంటి పగిలిన సీసా ఒకటి ఉంటుంది.

తొమ్మిది గురించి ఇంకోసారి రాస్తాను. బస్సు వచ్చేస్తోంది.

నీ,
హనీ


మియాగావ్
జూలై

ఇందాయ్,

బస్సు వచ్చేస్తోందన్నావు. కాగితం మీద కాఫీ కప్పు మరక గుండ్రంగా పడి ఉంది. మీ మనీలాలో, పసిగ్ బస్టాపుల్లో సాసర్లతో కాఫీ ఇస్తున్నారా?

పోనీలే. నువ్వు రాయకపోతే నేనే చదివాను. తొమ్మిదో నిబంధన మొన్న షెడ్డులో చదివాను. దానికి విలన్ గొంతు పెట్టలేదు, మామూలుగానే చదివాను. మామూలుగా చదివితేనే ఎక్కువ భయమేసింది. ‘మీరు పెట్టే బొమ్మలను, నమూనాలను, డిజైన్లను కంపెనీ ఎప్పటికీ, ఉచితంగా, మార్చి, ముద్రించి, ఇతరులకు ఇచ్చి వాడుకోవడానికి మీరు అనుమతిస్తున్నారు.’

అప్పుడు షెడ్డు ఎలా మారిందో చూడాల్సింది. లుసెనా తన బట్టను ఒడిలోకి లాక్కుంది, ఎవరో అప్పుడే పట్టుకుపోతున్నట్టు.

మనాంగ్ బినింగ్ మాత్రం నాడె విసిరికొట్టింది. “ఎవరు పట్టుకుపోతారే నా డిజైను? నా కోడలే ఒద్దంటోంది! పట్టుకుపోనీ! కనీసం ఎవరో ఒకళ్ళు కట్టుకుంటారు. నువ్వు రేడియోలో అరిచి పేరు తెచ్చుకున్నావు. నా పేరు ఈ షెడ్డు దాటి బజారు దాకా కూడా వెళ్ళలేదు.”

“మనాంగ్, పేరు వెళ్ళదు. బట్ట మాత్రమే వెళ్తుంది.”

“బట్ట వెళ్తే చాలు. ఆ బొత్తం నొక్కు. లేకపోతే అధ్యక్షురాలి కుర్చీ దిగు.”

ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. బీరువా నిండా నేసిన బట్టలున్నాయి, ఈ ఊళ్ళో కొనేవాళ్ళు లేరు. రొయ్య వీపు లాంటి ఆ వంపుల గళ్ళు ఆవిడ తప్ప ఈ జిల్లాలో ఎవరూ నేయలేరు. అది చూసే కళ్ళూ ఇక్కడ లేవు.

ఒకటే అడుగుతున్నాను, తిన్నగా చెప్పు. ఆ తొమ్మిదిని నేను పెన్నుతో కొట్టేసి, మిగిలినవాటికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టి పంపితే?

పురింగ్


పసిగ్
జూలై

తియా,

కాఫీ మరక సంగతి నిజమే. క్షమించు.

తిన్నగా చెబుతున్నాను. కొట్టేయడానికి చోటు లేదు. నువ్వు పెన్ను తెచ్చుకున్నా, ఆ తెరకి పెన్ను అంటదు. మొత్తం ఒప్పుకోవాలి, లేదా మొత్తం వదులుకోవాలి. మా లా కాలేజీలో దీన్ని అంటుకుపోయే ఒప్పందం అనేవారు. ఒక పక్షం రాస్తుంది, రెండో పక్షం వచ్చి అంటుకుంటుంది, అంతే. కోర్టులు కూడా మామూలుగా ఇలాంటివి చెల్లుతాయనే అంటాయి. కాకపోతే ఒక వెసులుబాటు ఉంది. మాట అస్పష్టంగా ఉంటే రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం చెబుతాయి. ఇదంతా పాఠ్యపుస్తకంలోది, రహస్యం కాదు.

తొమ్మిది గురించి మాత్రం నేనేమీ రాయలేను. ఎందుకు రాయలేనో కూడా రాయలేను. ఉద్యోగంలో చేరేటప్పుడు నేనూ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాను తియా. నీ మేనకోడలినే కదా, ప్రతి అక్షరం చదివే పెట్టాను. చదివినంత మాత్రాన ఏం మారింది? అప్పుడు నాకు ఉద్యోగం కావాలి. వాళ్ళు నా చేతికి పెన్నైతే ఇచ్చారు కానీ, సంతకం గీత దగ్గర తప్ప ఇంకెక్కడా రాయడానికి కాదు. కాబట్టి చదవడమే మందు అని నువ్వంటే నేను పూర్తిగా ఒప్పుకోలేను. చదివి కూడా కాదనలేనివాళ్ళు ఉంటారు. మనాంగ్ బినింగ్‌ది కూడా అదే పరిస్థితేమో. ఆవిడ మీద కోపం పెట్టుకోకు.

మనసు తేలిక చేయడానికి ఒక చిత్రం చెబుతాను. ఈ బొత్తాలు రాకముందు కంప్యూటర్ ప్రోగ్రాములు డబ్బాల్లో అమ్మేవారు. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ‘ఈ కవరు చించితే లోపలి నిబంధనలకు ఒప్పుకున్నట్టే’ అని ఉండేది. నిబంధనలు ఎక్కడుండేవో తెలుసా? కవరు లోపల! అంటే చించితే గానీ చదవలేవు, చదవాలంటే చించాలి. మా ప్రొఫెసరు ఇది చెప్పిన రోజు క్లాసులో నేను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

హనీ


మియాగావ్
సెప్టెంబరు

ఇందాయ్ హనీ,

ఆలస్యానికి కారణం ఉంది. మనాంగ్ బినింగ్ నొక్కేసింది.

సంఘం పేరు మీద కాదు, తన సొంత పేరు మీద, మనవరాలి ఫోనులో, మనవరాలి వేలితో. మాకెవరికీ చెప్పలేదు. రొయ్య వీపు ఫొటోలు పెట్టింది, ఆర్డర్లు వచ్చాయి. వచ్చిన రోజు షెడ్డుకి ఆకుల్లో చుట్టిన ఇబోస్ అన్నం ముద్దలు పట్టుకొచ్చి అందరికీ పంచి, నాకు మాత్రం ఆకు చిరిగిన ముద్ద ఇచ్చింది. “అధ్యక్షురాలు ఇంకా ఏ పేజీలో ఉందో!” అని పాట కట్టి పాడింది. తిన్నాను. బాగుంది కూడా.

పోయిన మంగళవారం మనవరాలు ఫోను చూస్తూ, బామ్మతో “లోలా, మీ బట్ట దిండు గలీబులకి కూడా వాడుతున్నారు,” అంది. అందరం మూగాం. మీ కంపెనీ సొంత పేరు మీద దిండు గలీబులు, వరసగా, ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగుల్లో. అన్నిటి మీదా రొయ్య వీపే. నేసింది కాదు, సిల్కులా మెరిసే ఏదో చౌక గుడ్డ మీద ముద్ర కొట్టింది. బినింగ్ పేరు ఎక్కడా లేదు.

ముందు ఆవిడ ముఖం వెలిగిపోయింది. “చూశారా! చూశారా! మనీలాలో నా డిజైను!” అంది. తర్వాత ఫోను ముక్కు దాకా తెచ్చుకుంది. తర్వాత కళ్ళజోడు అడిగింది.

“ఇది ఏమిటే? ఈ మెట్టు?”

మేం చూశాం. ప్రతి గళ్ళ వరసలో ఒక చోట చిన్న మెట్టులా విరిగి ఉంది.

“ఇది పిల్లి!” అని కేక పెట్టింది. “ఆ రోజు పిల్లి మగ్గం మీదికి దూకింది! పోగులు తప్పాయి. విప్పి నేయడానికి బద్ధకమేసి ఫొటో తీయించాను. ఆ తప్పుని ఊరంతా అచ్చేశారు!”

ఎవరో నవ్వారు. బినింగ్ నవ్వలేదు. “పట్టుకుపోయేవాడు చూసి పట్టుకుపోవాలి కదే? నా జన్మంతా తప్పు పోకుండా నేశాను. ఒక్కటంటే ఒక్కటి తప్పింది. లోకమంతా నన్ను దీంతో చూస్తుందా?” అని ఒళ్ళోని బట్టతో ముఖం కప్పుకుంది.

ఆవిడ ఏడవడం నేను ముందెన్నడూ చూడలేదు ఇందాయ్, మొగుడు పోయినప్పుడు కూడా. ఫిర్యాదు పెట్టాం. ‘మా ఉత్పత్తులను ప్రేమిస్తున్నందుకు ధన్యవాదాలు! తొమ్మిదో నిబంధన చూడగలరు’ అని ఒక నవ్వు బొమ్మతో జవాబొచ్చింది.

నీకు ముందే తెలుసు కదూ. నేను అడగడం లేదు, ఊరికే రాస్తున్నాను.

పురింగ్


పసిగ్
సెప్టెంబరు

గౌరవనీయులైన పురిఫికసియోన్ గారికి,

మీ ఉత్తరం అందింది. అందులో ప్రస్తావించిన విషయంపై నేను వ్యాఖ్యానించలేను. ఫిర్యాదులను సంబంధిత విభాగానికి పంపవలసిందిగా మనవి.

నేత గ్రామాల నుంచి కొత్త నమూనాలు కొనడానికి మా కొనుగోలు విభాగం ప్రతినిధి అక్టోబరులో పర్యటిస్తున్నట్టు పత్రికల్లో ప్రకటన వెలువడింది. మియాగావ్ పేరు కూడా ఉంది. మీరు చూసే ఉంటారు.

భవదీయురాలు,
అటార్నీ హనీలిన్ పనగీటన్

తియా, పైనున్నది నా బల్ల దగ్గర రాశాను. ఇది ఇంటికొచ్చి రాస్తున్నాను. ఈ రోజు అన్నం సహించలేదు. తొమ్మిదో నిబంధన నేను రాసింది కాదు. అందులో కామాలు సరిచేసింది మాత్రం నేనే. ఆ మాటైనా నీకు తెలియాలి.


మియాగావ్
అక్టోబరు

ఇందాయ్,

నన్ను పూర్తి పేరుతో పిలిచి ‘మీరు’ అన్నావు. చదువుతుంటే నా వీపు దానంతటదే నిటారైంది. కింద రాసిన నాలుగు ముక్కలు మాత్రం దాచుకున్నాను. నీ మీద కోపం లేదు. అన్నం తిను.

ఇప్పుడు ఇక్కడి నాటకం విను.

నీ ఉత్తరం చూశాక సంఘాన్ని పిలిచాను. మనాంగ్ బినింగ్ వెనక వరసలో తల దించుకు కూర్చుంది. “మనాంగ్, ముందుకు రా. ఈ కథలో నాయిక నువ్వే,” అన్నాను. నువ్వు చెప్పిన చించే కవరు సంగతి వాళ్ళకి చెప్పాను. నేను పూర్తి చేసేలోపే బినింగ్ లేచింది.

“మన దగ్గర కవర్లెక్కడున్నాయే? ముళ్ళున్నాయి కానీ.”

తల పైకి లేచింది, చూడాలి! నెల రోజుల తర్వాత.

బట్టల మూటలు తాడుతో కట్టాం. బినింగ్ సొంతంగా వేసింది ముడి, అందంగా, చూస్తే లాగబుద్ధయ్యేలా. ముడికి ఒక అట్టముక్క వేలాడదీశాం. మనవరాలు ముత్యాల్లాంటి అక్షరాలతో మన మాటలోనూ ఇంగ్లీషులోనూ రాసింది. మీ కంపెనీవాళ్ళ అక్షరాలకంటే పెద్దవే, చదవాలనుకున్నవాడికి కనబడతాయి. అందులో ఉన్నది ఇది:

‘ఈ ముడి విప్పినవారు ఈ నిబంధనలకు ఒప్పుకున్నట్టే. బట్ట అమ్ముతాం, నమూనా అమ్మం. నమూనా నేసిన మనిషిదే, ఎప్పటికీ, విశ్వమంతటా. ఆమె నోటితో సరేనంటే తప్ప దాన్ని ముద్రించకూడదు, మార్చకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఆమెతో మీరు ఇంతకుముందు ఎక్కడైనా రాసుకున్న ఒప్పందం దీనికి అడ్డం వస్తే, ఆ మేరకు అది చెల్లదు. తగువు వస్తే మియాగావ్ మగ్గాల షెడ్డులో తేల్చుకోవాలి. ఈ నిబంధనలను మేం ఎప్పుడైనా మార్చవచ్చు, మీరు బట్టను తాకుతూ ఉంటే ఒప్పుకున్నట్టే.’

మీ మనిషి వచ్చాడు. పేరు దరియో. మంచి కుర్రాడు, ఎండకి ఎర్రబడిపోయాడు. కొబ్బరినీళ్ళిచ్చాం. మూటలు ముందు పెట్టాం. అట్టముక్కని వేలితో పక్కకి తోసి, ముడి లాగాడు.

మగ్గాల వెనక నుంచి అందరూ మెడలు చాచారు.

“చదివావా టోటో, బాబూ?” అన్నాను.

“ఏది తియా? ఇదా? తర్వాత చదువుతాను.”

“ఎవరైనా అదే అంటారు నాయనా.”

నాలుగు మూటలూ అలాగే విప్పాడు. నాలుగో అట్టముక్క తాడుకి చిక్కుకుంటే చేతిలోకి తీసుకుని, అప్పుడు చదివాడు. ముందు నవ్వాడు. చుట్టూ చూశాడు. మా ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

“తియా, ఇది... సరదాకి కదా?”

బినింగ్ అంది: “మీ తొమ్మిదోది సరదాకేనా బాబూ?”

అతను నాలుగు ముడులూ తిరిగి కట్టడానికి ప్రయత్నించాడు పాపం. బినింగ్ ముడి ఎవరికి వస్తుంది? కాసేపు చూసి, “రా, అన్నం తిను, కుదరదు అది,” అని ఆవిడే లేవదీసింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. వెళ్ళేటప్పుడు అట్టముక్కలు జేబులో పెట్టుకుని, “మా లాయర్లకి చూపించాలి,” అన్నాడు.

“చూపించు. మంచి లాయర్లేనా?” అని అడిగాను.

అంతే జరిగింది. నీకేమైనా ఇబ్బంది అయితే ముందే క్షమించు.

పురింగ్


పసిగ్
నవంబరు

తియా పురింగ్‌కి,

ఇది రాయడానికి అనుమతి తీసుకున్నాను. ఎందుకంటే కంపెనీ అధికారిక జవాబు కూడా ఈ కవరులోనే ఉంది. ముందు అది కాదు, ఇది చదువు. (నువ్వు ముందు అదే చదువుతావని తెలుసు.)

దరియో అట్టముక్కలు తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. చూడగానే నీ గొంతు వినబడింది, నిజం చెప్పాలంటే ఇల్లు ఖాళీ చేయించే గొంతు. నేను లేచి అటార్నీ తెవెస్‌తో చెప్పాను. “సర్, ఇది రాసినావిడ మా నాన్న చెల్లెలు. నేను ఈ విషయంలో అభిప్రాయం ఇవ్వకూడదు. వేరేవాళ్ళని అడగండి.”

ఆయన అట్టముక్క చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత తలుపు మూయమన్నారు.

“అభిప్రాయం ఇవ్వొద్దు. కూర్చో. ఇది చెల్లదని నేను రాస్తాను. ఎక్కడ దెబ్బ తింటానో చెప్పు.”

“సర్, ‘చదవకుండా చేసిన పనికి మేం కట్టుబడం’ అని మీరు రాస్తే, రేపు కోర్టులో ఎవరైనా ఆ కాగితాన్నీ, ‘వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే’ అనే మన రెండో నిబంధననీ పక్కపక్కన పెట్టి చదువుతారు. మన యాప్ అంతా నిలబడింది చదవకుండా నొక్కిన బొత్తం మీద. ముడి చెల్లకపోతే బొత్తమూ చెల్లదు.”

“దరియోకి మన తరఫున ఒప్పుకునే అధికారం లేదంటాను.”

“అనొచ్చు. మనాంగ్ బినింగ్ పేరు మీద బొత్తం నొక్కింది ఆవిడ మనవరాలి వేలు. అప్పుడు మనం అధికారం గురించి అడగలేదు.”

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “మీ అత్త లాయరా?”

“కాదు సర్. రేడియోలో విలన్.”

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “నీకు ఈ గలీబుల సంగతి ముందే తెలుసు కదా? ఆవిడకి చెప్పలేదా?” అన్నారు.

“సంతకం పెట్టాను కదా సర్.”

“చెప్పకుండా ఉండటం తేలికైందా?”

“లేదు సర్.”

ఆ తర్వాత పైవాళ్ళతో సమావేశం. నన్ను లోపలికి రానివ్వలేదు, అదే సబబు. బయట బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. కోర్టులో గెలుస్తామని ఆయన అన్నారట, గెలిచే లోపల పిల్లి దూకిన దిండు దేశమంతా నవ్వులపాలవుతుందని కూడా అన్నారట. రెండోదే పనిచేసినట్టుంది.

జవాబులో ఉన్నది క్లుప్తంగా: దిండు గలీబులు ఆపేస్తున్నారు. మిగిలిన సరుకు మనాంగ్ బినింగ్‌కి పంపుతున్నారు, ఏం చేసుకుంటారో ఆవిడ ఇష్టం. చేతితో చేసే వస్తువులకి తొమ్మిదో నిబంధన తీసేశారు. అమ్మేవాళ్ళు కావాలంటే దుకాణం గుమ్మంలో తమ సొంత షరతులు పెట్టుకోవచ్చు, కొనేవాళ్ళు వాటికి ఒప్పుకున్నాకే ముందుకు వెళ్ళగలరు. ముడికి కట్టుబడుతున్నామని మాత్రం ఎక్కడా రాయలేదు. ‘సద్భావనతో’ అని రాశారు. లాయర్లు ఓడిపోయినప్పుడు వాడే మాట అది.

నన్ను వచ్చే నెల నుంచి ఫిర్యాదుల విభాగానికి మార్చారు. శిక్షో బహుమతో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్ళిన రోజే ఆ నవ్వు బొమ్మని తీసేయిస్తాను.

రాత్రి రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను.

నీ హనీ


మియాగావ్
ఫిబ్రవరి

నా ఇందాయ్ హనీకి,

ఫిర్యాదుల్లో ఎలా ఉంది? జనం నిన్ను తిడుతుంటే ఓపిగ్గా వింటున్నావా? తిట్టేవాడికి ముందు అన్నం తిన్నారా అని రాయి, సగం తగ్గుతారు.

కొత్త నిబంధనలు మొత్తం షెడ్డులో చదివాం. ఈసారి వంతులు వేసుకుని, తలా ఒకటి. లుసెనా గొంతు పచ్చడి సీసా పేరాకి భలే కుదిరింది. చేతులెత్తి ఒప్పుకున్నాం, నేను బొత్తం నొక్కాను. పెద్దగా ఏమీ అనిపించలేదు.

గలీబులు పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి. బినింగ్ ఒకటి తీసి పిల్లికి పరిచింది. మిగిలినవి ఆసుపత్రికి ఇచ్చేశాం.

దుకాణం గుమ్మంలో పెట్టే షరతులు మాత్రం ఆవిడే చెప్పింది, మనవరాలు రాసింది. బేరం ఆడకూడదు. మిషనులో ఉతకకూడదు. ఎవరు నేశారని అడిగితే పేరు చెప్పాలి. దీంతో బల్ల తుడవకూడదు. ఎవరూ చదవరని నేను ముందే చెప్పాను, మనసు చిన్నబుచ్చుకోకూడదని. నిజంగానే ఎవరూ చదవలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నొక్కి పోయారు. బట్టలు మాత్రం బాగానే పోతున్నాయి. బినింగ్ రోజూ సాయంత్రం అడిగేది: “ఎవరైనా ఏమైనా అన్నారా?” లేదు మనాంగ్. “ఊఁ” అని మగ్గం మీదికి వంగేది.

నిన్న దావావ్ నుంచి ఒకావిడ కొనకుండా ప్రశ్న పంపింది. మనవరాలు గట్టిగా చదివింది: ‘నాలుగో షరతు చూశాను. మా ఇంట్లో మూడేళ్ళ పిల్లాడున్నాడు. వాడు బల్ల మీద పాలు ఒలకబోసి, చేతికి ఇదే దొరికితే, ఏం చేయమంటారు?’

బినింగ్ నాడె ఆపింది. మళ్ళీ చదవమంది. ఇంకోసారి చదవమంది. అంచు సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ దావావ్ ఆవిడ ఎదురుగా నిలబడి ఉన్నట్టు నిటారుగా కూర్చుంది.

“తుడుచుకోమను,” అంది. “చదివినవాళ్ళకి మినహాయింపు ఉంటుందని రాయి.”

మీ తియా,
పురింగ్